తొందర తెలియని మాత్ర

తలనొప్పికి మాత్ర వేసుకుంటే అరగంటలో తేడా తెలుస్తుంది. జ్వరం మాత్రకు చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. కడుపులో మంటకు తాగే గులాబీ రంగు మందు గొంతు దిగుతుండగానే హాయినిస్తుంది. బీపీ మాత్ర వేసుకున్నాక మాత్రం ఏమీ జరగదు. వేసుకున్న రోజుకీ మరిచిపోయిన రోజుకీ ఒంట్లో తేడా కనిపించదు. అసలు మాత్ర మొదలుపెట్టక ముందు కూడా చాలామందికి ఏ బాధా ఉండదు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినప్పుడో, కూతురి కాన్పుకు ఆస్పత్రిలో తోడున్నప్పుడో ఎవరో చేతికి పట్టీ చుట్టి చూస్తే 170 బై 100 అని బయటపడుతుంది. అప్పటిదాకా నిక్షేపంగా తిరిగిన మనిషి చేతిలో, ఇక జీవితాంతం వాడాలంటూ ఒక షీటు పెడతారు.

ఆ షీటులో ఉన్నది చాలాసార్లు ఆమ్లోడిపిన్. బిళ్ళలో అసలు మందు 5 మిల్లీగ్రాములే. నేనూ కొన్నేళ్ళుగా అదే వేసుకుంటున్నాను. చేదు కషాయం తాగించడం కన్నా ఈ చిన్న బిళ్ళను రోజూ వేయించడమే కష్టమని నాకు అనిపిస్తుంది. కషాయం తాగేవాడు బాధలో ఉంటాడు, బాధ తగ్గుతుందనే ఆశ చేదును మింగిస్తుంది. ఇక్కడ తగ్గడానికి బాధే లేదు. ఎప్పుడో రాబోయే పక్షవాతం రాకుండా ఈ పూట ఒక బిళ్ళ మింగమని అడుగుతున్నాం. ఆ పక్షవాతం తనకు రాసిపెట్టి ఉందో లేదో డాక్టరు కూడా చెప్పలేడు. ఇంత అడుగుతున్నప్పుడు, లోపల ఆ బిళ్ళ ఏం చేస్తుందో మనిషికి విప్పి చెప్పడం మన బాధ్యత అనుకుంటాను.

దీని కథ లండన్ కుళాయి నీళ్ళ దగ్గర మొదలైంది. అక్కడి యూనివర్సిటీ కాలేజీలో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు 1880ల మొదట్లో కప్ప గుండెను బయటకు తీసి, ఉప్పు నీటిలో అది ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తుండేవాడు. గుండె చాలాసేపు చక్కగా కొట్టుకుంది. ఆ ఉప్పు నీటిని బట్టీపట్టిన స్వచ్ఛమైన నీటితో కాక ఊరికి సరఫరా అయ్యే గొట్టపు నీళ్ళతో కలిపారని తరవాత తెలిసింది. స్వచ్ఛమైన నీటితో మళ్ళీ చేస్తే గుండె నీరసించి ఆగిపోయింది. గొట్టపు నీళ్ళలో ఉన్నదేమిటి, ఇందులో లేనిదేమిటి అని వెతుక్కుంటూ వెళ్తే కాల్షియం దగ్గర తేలింది. కొద్దిగా కాల్షియం కలపగానే గుండె మళ్ళీ కొట్టుకుంది. 1883లో ఆయన ఈ సంగతి అచ్చు వేయించాడు. అంతవరకూ ఎముకల్లో సున్నంగానే తెలిసిన పదార్థం కండరాన్ని కదిలించే సంకేతమని లోకానికి తెలిసిన సందర్భం అది.

మన కణాల బయట కాల్షియం ఎంత ఉంటుందో, లోపల అందులో దాదాపు పదివేలవ వంతు మాత్రమే ఉంటుంది. అంత తేడాను కణం పనిగట్టుకుని కాపాడుకుంటుంది. కణం గోడలో కాల్షియం కోసం సన్నని దారులున్నాయి. అవి తెరుచుకోగానే బయటి కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, కండరం ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడానికి ఖర్చయ్యే శక్తి ఏటీపీ అనే పదార్థం నుంచి వస్తుంది. కండరంలో ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్ళలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ప్రతి రక్తనాళపు బిగింపులోనూ ఆయన చూసిన ఆ పదార్థమే ఖర్చవుతోందని తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ధమనులు చీలి సన్నబడే చోట వాటి గోడల చుట్టూ ఇలాంటి కండరమే ఉంటుంది. అది ఎంత బిగిస్తే రక్తం పోటు అంత పెరుగుతుంది. ఆమ్లోడిపిన్ ఆ కాల్షియం దారులకు అతుక్కుని వాటిని తేలిగ్గా తెరుచుకోనివ్వదు. కండరం కొంచెం వదులవుతుంది, నాళం కొంచెం విచ్చుకుంటుంది, పోటు కొంచెం దిగుతుంది. మరి చేతులూ కాళ్ళూ పట్టు తప్పవా అని ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే. మనం నడవడానికీ బరువులెత్తడానికీ వాడే కండరాలు తమ కాల్షియాన్ని లోపలే నిల్వ చేసుకుంటాయి, బయటి నుంచి వచ్చేదాని కోసం ఎదురుచూడవు. అందుకని ఈ మాత్ర వాటి జోలికి పోదు. కాల్షియాన్ని అడ్డుకునే మందు అనగానే ఎముకలు గుల్లబారతాయని భయపడి మానేసినవాళ్ళు నాకు తెలుసు. తిన్న రాగి జావలోని, పాలలోని కాల్షియం ఎముకకు చేరకుండా ఇది ఆపదు. రక్తంలో కాల్షియాన్నీ తగ్గించదు. కాల్షియం బిళ్ళలు వాడుతున్న ఆడవాళ్ళకు కూడా డాక్టర్లు మామూలుగా దీన్ని రాస్తారు.

రింగర్ తరవాత దాదాపు ఎనభై ఏళ్ళకు, 1960లలో, జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆల్‌బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త కొన్ని కొత్త గుండె మందులను పరీక్షిస్తూ, వాటి ప్రభావం కాల్షియం తీసేసినప్పటి గుండె తీరుకు అచ్చంగా సరిపోతోందని గమనించాడు. వెరాపమిల్ వాటిలో ఒకటి. కాల్షియం కలిపితే గుండె మళ్ళీ తేరుకునేది. అలా ఒక మందుల వంశమే బయటపడింది. 1975లో బేయర్ కంపెనీ నిఫెడిపిన్‌ను అమ్మకానికి తెచ్చింది. నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది.

నిఫెడిపిన్ బలమైన మందు, వేగమైన మందు. గొట్టం బిళ్ళ పగిలి లోపలి ద్రవం కడుపులోకి చేరిన కొద్ది నిమిషాలకే పోటు దబ్బున దిగేది. రెండు గంటలకు మందులో సగం ఒంట్లోంచి వెళ్ళిపోయేది. ఆ వేగాన్ని చూసి వైద్యులు ముచ్చటపడ్డారు. బీపీ 200 దాటిన మనిషి రాగానే గొట్టం బిళ్ళకు సూదితో కన్నం పొడిచి నాలుక కింద పిండడం ఎన్నో దేశాల్లో అలవాటైపోయింది. మన ఆస్పత్రుల్లోనూ చేసేవారు. నిజానికి నాలుక కింద అది పెద్దగా ఇంకదు, మింగిన ఉమ్మితో పాటు కడుపులోకి వెళ్ళాకే పని చేస్తుంది. అయినా పట్టీ చుట్టి చూస్తే అంకె దిగి ఉండేది. బంధువులు ఊపిరి పీల్చుకునేవారు, డాక్టరు కూడా.

కానీ ఆ మనిషి మెదడు ఏళ్ళ తరబడి ఎక్కువ పోటుకు అలవాటుపడి ఉంది. దాని నాళాలు ఆ పోటుకు తగ్గట్టు తమను తాము సర్దుకున్నాయి. ఒక్కసారిగా పోటు కూలిపోతే అక్కడికి రక్తం చాలదు. గుండెకూ అంతే. బీపీ తగ్గించడానికి ఇచ్చిన మందుతోనే పక్షవాతాలు, గుండెపోట్లు వచ్చాయని ఒక్కొక్కటిగా నివేదికలు పోగుపడ్డాయి. 1996లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష, ఈ నాలుక కింద పిండే పద్ధతిని ఆపేయాలని గట్టిగా అడిగింది. అంతకు ముందు ఏడాదే, పొట్టి ఆయుష్షున్న ఈ రకం మందులు వాడేవాళ్ళలో గుండెపోట్లు ఎక్కువన్న పరిశీలన వచ్చి కాల్షియం మందులన్నిటి మీదా అనుమానం ముసురుకుంది.

ఆమ్లోడిపిన్ వేరే స్వభావం ఉన్న మందు. ఇంగ్లండులోని శాండ్‌విచ్ అనే ఊళ్ళో ఫైజర్ పరిశోధనశాలలో 1980లలో తయారైంది. సైమన్ క్యాంప్‌బెల్ ఆ పనిలో ముఖ్యుడు. వంశం నిఫెడిపిన్‌దే, నడక మాత్రం పూర్తిగా వేరు. మింగాక రక్తంలో పతాక స్థాయికి చేరడానికి 6 నుంచి 12 గంటలు తీసుకుంటుంది. ఒంట్లోంచి సగం పోవడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. రోజూ వేసుకుంటూ పోతే వారం రోజులకు గానీ ఒక స్థిరమైన మట్టానికి రాదు. ముసలివాళ్ళలో, కాలేయం బలహీనంగా ఉన్నవాళ్ళలో ఇంకా ఆలస్యం. 1992లో అమెరికాలో అనుమతి పొందింది. 2002 చివర్లో వెలువడ్డ ఆల్‌హాట్ అనే పెద్ద అధ్యయనం 33,357 మంది మీద మూడు రకాల బీపీ మందులను పోల్చి చూసింది. గుండెపోటు విషయంలో ఆమ్లోడిపిన్ మిగతా రెండిటికీ తీసిపోలేదు. గుండె నీరసించి నీరు చేరే జబ్బు మాత్రం నీరు తీసే మందు వాడినవాళ్ళలో కన్నా దీన్ని వాడినవాళ్ళలో ఎక్కువ కనిపించింది. అదీ నిజమే, దాచాల్సిన అవసరం లేదు. ఇంతకు ముందు కమ్మిన భయం మాత్రం చాలావరకు తొలగింది. ప్రమాదం కాల్షియం దారులను మూయడంలో కన్నా వాటిని దబాలున మూయడంలో ఉందని వైద్యం నేర్చుకుంది. అందుకు ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది.

వైద్యం నేర్చుకున్న ఆ పాఠం ఇళ్ళకు ఇంకా చేరలేదన్నదే నా దిగులు. ఇంట్లో బీపీ మిషను కొనుక్కున్న కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. మంచి సంగతే. అయితే 180 అని కనిపించగానే ఇల్లంతా అల్లకల్లోలం. ఇంకో బిళ్ళ వేసేస్తారు. అరగంటకు మళ్ళీ చూస్తారు. దిగలేదని మరొకటి. లోపల మొదటి బిళ్ళ ఇంకా పని మొదలుపెట్టనే లేదు. మాటలు తడబడుతున్నా, మూతి వంకరపోయినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. అవేవీ లేకుండా అంకె ఒక్కటే పెరిగితే కూర్చోబెట్టి, కాసేపాగి మళ్ళీ చూసి, డాక్టరుకు చెప్పి, మందును రోజుల మీద సర్దుకోవాలి. మూడు రోజులకు తగ్గలేదని డాక్టరునే మార్చేసేవాళ్ళున్నారు. వారం దాటితే గానీ ఈ మందు తన పూర్తి బలం చూపదని మొదటి రోజే చెప్పి ఉంటే ఆ తిరుగుడు తప్పేది.

ఆ నిదానంలోనే ఒక దయ కూడా ఉంది. పెళ్ళికి వెళ్ళి షీటు ఇంట్లో మరిచిపోయి ఒక పూట తప్పినా పోటు వెంటనే ఎగిసిపడదు. నిన్నటి మందు ఇంకా ఒంట్లో కాపలా ఉంటుంది. మరునాడు మామూలు ప్రకారం ఒకటి వేసుకుంటే చాలు, రెండు కలిపి మింగక్కర్లేదు. పొద్దున్న వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అని మా ఇంట్లో పెద్ద చర్చలే జరిగాయి. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2022లో తేల్చిందేమిటంటే, బీపీ మందులను ఏ వేళ వేసుకున్నా గుండెపోట్లలో, పక్షవాతాల్లో తేడా లేదు. మరిచిపోకుండా ఉండే వేళే మంచి వేళ.

ఈ దయను అలుసుగా తీసుకునేవాళ్ళూ ఉంటారు. మా ఊళ్ళో ఒకాయన షీటు ఎక్కువ రోజులు రావాలని రోజు విడిచి రోజు వేసుకునేవాడు. మరొకాయన తల బరువెక్కితేనే వేసుకుంటాడు. అందరికన్నా ఎక్కువమంది, చూపించుకుంటే 120 బై 80 వచ్చిందని సంతోషంగా మానేస్తారు. ‘తగ్గిపోయిందండీ, ఇంకెందుకు?’ అంటారు. ఆ తగ్గుదల బిళ్ళ పుణ్యమే. మానేసిన మర్నాడు కూడా బాగానే ఉంటుంది, వారం దాకా అంతే. మందు ఎంత నెమ్మదిగా వచ్చిందో అంత నెమ్మదిగా వెళ్ళిపోతుంది గనక, మానేసినందుకు ఏమీ కాలేదన్న ధైర్యం కలుగుతుంది. పోటు మళ్ళీ పైకి చేరేసరికి మానేసిన సంగతే గుర్తుండదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ఇక కాళ్ళ సంగతి. దీని గురించి ఎవరూ మాట్లాడకపోవడం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు.

మా పెద్దమ్మకు మాత్ర మొదలుపెట్టిన కొన్నాళ్ళకు డాక్టరు మోతాదు 10 మిల్లీగ్రాములకు పెంచారు. బీపీ చక్కగా దిగింది. ఆ తరవాత మడమల దగ్గర వాపు మొదలైంది. పొద్దున్న లేచేసరికి తగ్గి, సాయంత్రానికి మళ్ళీ తేలేది. మెట్టెలు బిగుసుకుపోయి సబ్బు నురగ రాసి తీయాల్సి వచ్చింది. పక్కింటావిడ చూసి, ‘వదినా, బీపీ మాత్రలు కిడ్నీలను తినేస్తాయట, మా తోటికోడలికి ఇట్టాగే నీరు పట్టింది’ అంది. అంతే. పెద్దమ్మ ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. అడిగితే, ‘వేసుకుంటున్నా లేరా’ అనేది. షీట్లు పప్పుల డబ్బా వెనక దొరికాయి.

బీపీ మాత్రలు కిడ్నీలను పాడు చేస్తాయన్న మాట మన ఊళ్ళల్లో ఎంత లోతుగా పాతుకుపోయిందో చెప్పలేను. వాస్తవం తలకిందులుగా ఉంది. అదుపు తప్పిన బీపీయే కిడ్నీల సన్నని నాళాలను చిదిమేస్తుంది. ఆ పోటును దించే మందు వాటిని కాపాడుతుంది. అయితే కాళ్ళు ఉబ్బడం మాత్రం కళ్ళెదుట కనిపిస్తుంది, పుకారుకు సాక్ష్యంలా నిలబడుతుంది. అందుకే వట్టి మాటగా ‘అదేం లేదులే’ అంటే ఎవరూ నమ్మరు. ఆ వాపు ఎక్కడిదో చెప్పాలి.

మా పెద్దమ్మకు నేను పొలం భాషలో చెప్పాను. కాలువ తూము పూర్తిగా ఎత్తేసి, పొలం అవతల మురుగు కాలువను మాత్రం ఎప్పటిలాగే ఇరుకుగా వదిలేస్తే ఏమవుతుంది? మడిలో నీళ్ళు నిలుస్తాయి. ఈ మందు రక్తం వచ్చే ధమనుల చివరలను విచ్చుకునేలా చేస్తుంది, రక్తాన్ని వెనక్కి తీసుకెళ్ళే సిరలను అంతగా విప్పదు. మధ్యలోని వెంట్రుకల్లాంటి నాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటకు ఊరుతుంది. నీరు పల్లానికి పోతుంది గనక మడమల దగ్గర చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు గనక, నీరు తీసే మాత్ర ఇచ్చినా పెద్దగా తగ్గదు. కానీ చాలాచోట్ల జరిగేది అదే. వాపుకు మరో మాత్ర, ఆ మాత్ర వల్ల ఉప్పులు తగ్గి నీరసం, నీరసానికి సెలైను. కెనడాలోని ఆంటారియోలో వృద్ధుల మందుల చీటీలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం, ఈ రకం మందు మొదలుపెట్టినవాళ్ళకు ఆ తరవాత నీరు తీసే మందు రాయడం ఎక్కువగా జరుగుతోందని చూపించింది. మన దగ్గర అలా ఎవరైనా వెతికితే ఎన్ని చీటీలు దొరుకుతాయో!

వాపు మోతాదును బట్టి ఉంటుంది. అమెరికాలో మందుతో ఇచ్చే పత్రం ప్రకారం 5 మిల్లీగ్రాములు వాడేవాళ్ళలో ఇది 3 శాతం, 10 వాడేవాళ్ళలో దాదాపు 11 శాతం. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. డాక్టరుకు చెబితే మార్గాలున్నాయి. మోతాదు తగ్గించవచ్చు. టెల్మిసార్టన్ లాంటి మందు జత చేస్తే అది సిరల వైపు కూడా కొంత విప్పి వాపును తగ్గిస్తుంది. లేదా మందే మార్చవచ్చు. గుండె, కిడ్నీ, కాలేయం జబ్బుల్లోనూ కాళ్ళు వాస్తాయి గనక, వాపు ఎందుకు వచ్చిందో తేల్చాల్సింది డాక్టరే. పెద్దమ్మకు రక్తం, మూత్రం పరీక్షలు చేయించారు. కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. మళ్ళీ 5కి దించి టెల్మిసార్టన్ కలిపారు. మెట్టెలు మళ్ళీ ఎక్కాయి. కొందరికి చిగుళ్ళు కూడా ఉబ్బుతాయి. అది అరుదే గానీ, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఫలానా మాత్ర వాడుతున్నానని చెప్పడం మంచిది.

ఇంత చెప్పాక, ఈ మందు మన జనానికి ఎంత ఉపకారి అన్నదీ చెప్పాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆవకాయా, అప్పడాలూ, ఊరమిరపకాయలూ ఉన్న పళ్ళెంలో ఆ లెక్క నిలవడం కష్టం. ఉప్పు తగ్గించాల్సిందే, కానీ తగ్గించలేని ఇంట్లో కూడా ఈ మందు బాగానే పని చేస్తుంది. మొదలుపెట్టే ముందు పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేసి తీరాలన్న నియమం లేదు. ల్యాబు లేని ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. 2017 చివర్లో కేంద్ర ఆరోగ్య శాఖ, ఐసీఎంఆర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ రాష్ట్రాలతో కలిసి బీపీ అదుపు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ కార్యక్రమంలో ఎక్కువ చోట్ల మొదటి మెట్టుగా ఎంచుకున్నది ఆమ్లోడిపిన్‌నే. పేటెంటు కాలం ఎప్పుడో తీరిపోయింది. హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ‘స్టామ్లో’ పేరుతో దీన్ని ఎన్నో ఏళ్ళుగా అమ్ముతోంది, ఇంకా ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం, జనౌషధి దుకాణంలో చాలా చవక.

మందు ఊరి దాకా వచ్చింది. ఆశా కార్యకర్త చేతి మీదుగా గడప దాకా వస్తోంది. రానిది దాన్ని గురించిన మాట ఒక్కటే. షీటు మీద తెలుగులో ఒక్క ముక్క ఉండదు. నిమిషానికొకరిని చూడాల్సి వచ్చే డాక్టరును నేను తప్పుపట్టలేను. కానీ షీటుతో పాటు అరచేతి కాగితం ఒకటి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? నన్ను రాయమంటే దాని మీద ఇలా రాస్తాను: ‘ఈ మాత్ర పూర్తిగా పని చేయడానికి వారం పైనే పడుతుంది. బీపీ తగ్గాక కూడా వేసుకోవాలి. దీనితో కిడ్నీలు పాడవవు. కాళ్ళు వాస్తే మానేయకండి, వచ్చి చెప్పండి, మారుస్తాం.’ చదవలేనివాళ్ళకు ఆశమ్మ చదివి వినిపించాలి. ఆమె ఎలాగూ నెల నెలా షీట్లు ఇవ్వడానికి వస్తుంది. వచ్చినప్పుడు బీపీ ఎంతుందని అడగడంతో పాటు, కాళ్ళు ఎలా ఉన్నాయమ్మా అని కూడా అడగాలి.